తోటికోడలి పేర చెప్పిన జబ్బు

రెండువేల ఇరవైనాలుగు, ఆగస్టు పదమూడవ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావు. పొద్దుటినుంచి పట్టిన ముసురు అప్పుడే కాస్త తెరిపి ఇచ్చినది. గాలి లేదు, ఉక్క మాత్రం ఉన్నది. రాజమండ్రి దానవాయిపేటలోని ఒక ట్రస్టు ఆసుపత్రి మూడవ అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర, కృపారాణి ఒక స్త్రీని కలుసుకున్నది. ముఖాముఖీ కాదు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో, ఒక గొంతుగా కలుసుకున్నది. ఆ స్త్రీ పేరు వచ్చినచోట సన్నని బీప్ శబ్దం, ఊరి పేరు వచ్చినచోట మరొక బీప్ శబ్దం పెట్టి, ఆమె ఎవరో తెలియకుండా కంప్యూటరు జాగ్రత్తపడినది.

కృపారాణి చేసే ఉద్యోగం ఇలాంటిది. ఆ ఆసుపత్రివారు గోదావరికి ఇరుప్రక్కలా పల్లెల్లోనూ పేటల్లోనూ వైద్య శిబిరాలు నడుపుతారు. శిబిరానికి వచ్చిన రోగికీ నర్సుకూ మధ్య నడిచిన మాటలను, రోగి ఒప్పుకుంటేనే, రికార్డు చేస్తారు. ఒక యంత్రం ఆ మాటలను అక్షరాలలోకి దింపుతుంది. ఆ అక్షరాలలోనుంచి బాధ ఏమిటి, ఏ అవయవానికి, ఎన్నాళ్ళనుంచి, ఎవరికి అనే సంగతులు ఏరి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు పూస్తుంది. ఆ రంగులనుబట్టి ఎవరిని తక్షణం మళ్ళీ పిలిపించాలో నిర్ణయమవుతుంది. ఈ ప్రాంతపు జనం ఏ నొప్పిని ఏ మాటలతో చెప్పుకుంటారన్నది పరిశోధన చేసే వైద్యులకు తెలిసివస్తుంది. అయితే యంత్రానికి ఈ విద్య పుట్టుకతో రాదు. మనుషులు కూర్చుని, విని, చదివి, అది పూసిన రంగుల్లో తప్పొప్పులు దిద్దితే, ఆ దిద్దుబాట్లనుండి నేర్చుకుంటుంది. దిద్దేవాళ్ళలో కృపారాణి ఒకతె.

ఆమెకు నలభై ఆరేళ్ళు. తల్లి దీనమ్మ లూథరన్ మిషన్ బడిలో చిన్నపిల్లల టీచరుగా పనిచేసి, యాభై రెండవ ఏట రొమ్ము క్యాన్సరుతో పోయినది. కృపారాణి డిగ్రీ పూర్తికాగానే టైపు నేర్చి, మెయిన్‌రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో డీటీపీ పనికి కుదిరినది. శుభలేఖలు, సంతాప పత్రికలు, చర్చి పాటల పుస్తకాలు, వరిగింజల సంచుల మీది బొమ్మలు, అన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. శుభలేఖలు ఫోన్లలోకి వలసపోయిన తరువాత ప్రెస్సు మూతపడినది. తెలుగు తప్పులేకుండా, తొందరగా చదవగలవాళ్ళు కావాలని ఆసుపత్రివారు వెతుకుతుండగా ఈ పని దొరికినది. భర్త శాంతికుమార్ ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా. నెమ్మదస్తుడు. ఆఫీసు, ఇల్లు, ఆదివారం చర్చి, సాయంత్రం బ్యారేజీ మీద ఒక నడక, ఇంతే ఆయన లోకం. ధవళేశ్వరంలోనే పాపాయమ్మగారి మేడమీద వాటాలో పదకొండేళ్ళుగా అద్దెకు ఉంటున్నారు.

ఈ పనికి చేరిన కొత్తలో డాక్టర్ వినీల అందరినీ కూర్చోబెట్టి ఒక నియమం చెప్పినది. వినీల ముప్పైనాలుగేళ్ళ పిల్ల, తాడేపల్లిగూడెం మనిషి, ఈ పరిశోధనకు పెద్ద. "రోగి ఏం చెప్పిందో అదే గుర్తించండి. ఇలా అనుకుని ఉంటుందిలే అని మీరు ఊహించి గుర్తించకండి. ఒకరి ఊహ ఒకలా, ఇంకొకరి ఊహ ఇంకోలా ఉంటే, పాపం మెషీను ఏది నేర్చుకుంటుంది?" ఆ మాటకు అందరికంటె ముందు తల ఊపినది కృపారాణి. కస్టమరు రాసిచ్చినదాన్ని మనకు నచ్చినట్లు మారిస్తే పెళ్ళిపందిట్లో ఎన్ని తిట్లు తినవలసి వస్తుందో ప్రెస్సులో పనిచేసినవాళ్ళకు వేరొకరు చెప్పనక్కరలేదు. కనుక ఆమె ఆ నియమాన్ని తుచ తప్పకుండా పాటించుతూ వచ్చినది.

ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లలో వినవచ్చిన సంభాషణ ఇలా నడిచినది.

"బాగానే ఉన్నానండి. బీపీ చూపించుకుందారని వచ్చానండి, అంతే."

"ఇంకేమైనా బాధ ఉందామ్మా?" అని నర్సు.

"అబ్బే, నాకేముంటాదండి. మరేం లేదుగానండి, మా తోటికోడలికండి... ఎడమపక్క రొమ్ములో గడ్డలాగ తగులుతుందంటండి. నొప్పి లేదంట. అలాంటిదానికి భయపడాలాండి?"

"ఎన్నాళ్ళనుంచంటమ్మా?"

"ఉగాదప్పుడు నానిన శనగ్గింజంత ఉందంటండి. ఇప్పుడు కుంకుడుకాయంత అయ్యిందంట."

"ఆవిణ్ణి వెంటనే తీసుకురండమ్మా. ఆలస్యం చెయ్యకూడదు."

"తెస్తానండి. కాస్త పని తెమలనివ్వండి, తెస్తాను."

యంత్రం తన పని తాను చేసి పెట్టి ఉన్నది. బాధ: గడ్డ. అవయవం: ఎడమ రొమ్ము. ఎవరికి: ఇతరులకు. చెప్పిన మనిషిని మళ్ళీ పిలవాలా: అక్కరలేదు. నియమం ప్రకారం అన్నీ సరిగానే ఉన్నవి. కృపారాణి 'సరే' అన్న మీట మీద వేలు పెట్టినది. సరిగ్గా అప్పుడే ఆ గొంతు నవ్వినది. నవ్వు ఆఖరున ఊపిరి లోపలికి పీల్చుకునే నవ్వు. బియ్యం చెరుగుతూ, పాలవాడితో పోట్లాడుతూ, టీవీ సీరియలులో అత్తగారిని తిడుతూ, పదకొండేళ్ళుగా తెల్లవారి లేచిన దగ్గరనుంచి మెట్లకింద వినిపించే నవ్వు.

పాపాయమ్మగారు!

ఇంతసేపూ పోల్చుకోలేకపోవడానికి కారణం ఉన్నది. పాపాయమ్మగారు కృపారాణితో ఎన్నడూ 'అండి' అని మాట్లాడలేదు. 'ఏమే', 'ఒసే పిల్లా', 'అమ్మాయ్', ఇవే ఆ నోట తెలిసిన పిలుపులు. నర్సు ఎదుట ఒద్దికగా, కొంగు భుజంచుట్టూ కప్పుకున్నట్లుగా మాట్లాడిన ఆ మర్యాదలో అసలు మనిషి మరుగునపడినది.

ఇంకొక సంగతి కూడా కృపారాణికి తెలుసు. పాపాయమ్మగారికి ఉన్న తోటికోడలు ఒక్కతే. ఆమె మండపేటలో పోయి రెండేళ్ళు దాటినది. పెద్దకార్యం నాడు కృపారాణీ శాంతికుమారూ బస్సెక్కి వెళ్ళి, భోజనం చేసి వచ్చినారు.

వేలు మీట మీదనుంచి తీసినది. హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టినది. పక్కబల్ల దగ్గర గణేష్‌బాబు చూసినాడు. బీఫార్మసీ చదివిన అమలాపురం కుర్రవాడు. నోట్లో వెటకారం ఒక పాలు ఎక్కువే.

"ఏంటండీ రాణిగారూ, అలా కొయ్యబారిపోయారు? హెడ్‌ఫోన్లలోంచి కరెంటు కొట్టిందేంటండీ?"

"నువ్వు నీ పని చూసుకో బాబూ."

"నా పనే చూసుకుంటున్నానండి. ఇక్కడొకాయన కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయంటున్నాడండి. మెషీనేమో, ఇంట్లో ఎలకల బాధ అని రాసింది. ఇది ఏ శాఖకి పంపమంటారు, మున్సిపాలిటీకా?"

మామూలు రోజయితే ఆమె నవ్వేది. ఆనాడు నవ్వలేదు. లేచి, తిన్నగా డాక్టర్ వినీల గదికి వెళ్ళినది.

అక్కడ ఇంకొక నియమం ఉన్నది. విన్న గొంతు తెలిసినవాళ్ళదయితే వెంటనే వినడం మానివేయాలి, డాక్టరుకు చెప్పాలి, ఆ రికార్డు ఇంకొకరికి అప్పగించాలి, విన్నది ఎవరితోనూ, ఆ మనిషితో సైతం, అనకూడదు. చేరిననాడు కృపారాణి ఆ కాగితంమీద సంతకం పెట్టి, ఇంటికి వెళ్ళి భర్తకు చెబితే, శాంతికుమార్, "ఇది పాస్టరుగారి ఒట్టు కంటే గట్టిది" అన్నాడు.

"ఇది నాకు తెలిసిన గొంతండి," అన్నది కృపారాణి.

వినీల చెయ్యెత్తి ఆపినది. "ఎవరో నాకు చెప్పకండి. నంబరు ఇవ్వండి. గణేష్‌బాబు చూస్తాడు."

"మళ్ళీ పిలవక్కర్లేదని మెషీను పెట్టిందండి. పిలవాలండి. ఆ తోటికోడలు... అసలు..." అని ఆగిపోయినది.

వినీల రికార్డు చదువుకున్నది. పిమ్మట కుర్చీ వెనక్కి జరుపుకుని, "మా నాయనమ్మ కూడా ఇంతేనండి," అన్నది నెమ్మదిగా. "తనకి మోకాలు నొప్పయితే, 'పక్కింటి సుబ్బమ్మకి ఏ తైలం రాస్తే తగ్గుద్దే' అని అడిగేది. నేను డాక్టర్నయి, ఈ రూలు పెట్టి, ఆ సంగతే మర్చిపోయాను."

"మనమందరం మర్చిపోయామండి," అన్నది కృపారాణి. ఇన్నాళ్ళుగా ఇటువంటివి ఎన్నింటికి తాను 'సరే' కొట్టి ఉంటుందో ఆమె లెక్కవేసుకోబోయి మానివేసినది.

ఏ రికార్డు ఎవరిదో తెలిపే పేర్లూ ఫోను నంబర్లూ ఉన్న జాబితా నర్సు రాజరత్నం దగ్గర మాత్రమే ఉంటుంది. వినీల ఆమెకు కబురుపెట్టినది.

మరునాడు సాయంత్రం కృపారాణి ఆటో దిగి గేటు తీస్తుండగా వరండాలో పాపాయమ్మగారి ఫోను మోగినది. ఆమె అరుగుమీద కూర్చుని మునగకాడలు విరుస్తున్నది. పచ్చని మనిషి, పొట్టి, అరవై ఒకటో ఏడు. భర్త పోయి చాలాకాలమైనది. కొడుకు బుల్లిరాజుకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉన్నది. కోడలు హారతికి ఏడో నెల.

"ఎవరూ? ఆసుపత్రా? ... నేను గుండ్రాయిలా ఉన్నానండి, నాకేంటి. ... ఆవిడా? ఆవిడ ఊరెళ్ళిపోయిందండి. ... ఎప్పుడొస్తాదో ఎలా చెప్పమంటారండి, పరాయిమనిషి సంగతి? ... అలాగేనండి, వస్తే చెప్తానండి. ఉంటానండి."

లోపలినుంచి హారతి, "ఎవరత్తయ్యా?" అని కేకవేసినది.

"లోను ఇస్తారంటే! కావాలా నీకూ?" అని నవ్వి, కృపారాణిని చూసి, "ఏంటే అలా నుంచున్నావు, కాళ్ళు కడుక్కో," అన్నది.

కృపారాణి మెట్లెక్కి మేడమీదికి వెళ్ళినది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ముద్ద నోటిదాకా తీసుకువెళ్ళి దించివేసినది. శాంతికుమార్ చూసి, "ఆఫీసులో ఏమైనా అన్నారా?" అని అడిగినాడు. "లేదు," అన్నది. అబద్ధం కాదు గదా. తాను ఉద్యోగం పోతుందని భయపడలేదు. నోరు విప్పితే రేపటినుంచి శిబిరాలలో ఏ ఆడది నర్సు ముందు మనసు విప్పుతుంది? విప్పకపోతే పాపాయమ్మగారు ఏమవుతుంది? కుంకుడుకాయంత గడ్డ దీపావళినాటికి ఎంత అవుతుంది? దీనమ్మ గదిలో మందుల వాసన ఆమెకు ఇప్పటికీ ముక్కులో ఉన్నది.

గురువారంనాడు ఆమె వినీలను ఒక్కటే అడిగినది.

"డాక్టరుగారూ, నేను విన్నది నేను అనను. కానండి, నా సంగతి నేను ఎవరికైనా చెప్పుకోవచ్చాండి?"

"మీ సంగతా? అది మీ ఇష్టం కదండీ. దానికి నన్నడగడమేంటి?"

"అంతేనండి. అదే అడుగుదారని."

ఆమె సంగతి ఇది. ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్లకు ఎదురుగానే, రొమ్ము పరీక్ష చేసే గది ఉన్నది. నలభై దాటిన ఆడ ఉద్యోగులందరికీ అక్కడ ఏటేటా ఉచితంగా పరీక్ష చేస్తారు. తల్లికి ఆ జబ్బు వచ్చినది గనుక కృపారాణి తప్పనిసరిగా చేయించుకోవాలని వినీల రెండేళ్ళుగా చెబుతున్నది. ఆమె ఆ గది ముందునుంచే పొద్దున మెట్లెక్కుతుంది, సాయంత్రం మెట్లు దిగుతుంది. తలుపు దగ్గరకు వచ్చేసరికి తల అవతలికి తిప్పుకుంటుంది. పగలంతా ఇతరుల గడ్డలకూ వాపులకూ రంగులు దిద్దే మనిషి, తన విషయంలో మాత్రం కళ్ళు మూసుకున్నది. ఈ సంగతి శాంతికుమార్‌కు కూడా తెలియదు.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. శ్రావణ శుక్రవారాలకు ఆ ఇంట్లో ఒక ఆచారం ఉన్నది. అది పంచాంగంలో ఉండదు. పాపాయమ్మగారు శనగలు నానబోసి, అమ్మవారి ముందు పెట్టడానికి ముందే ఒక గిన్నెడు వేరుగా తీసి ఉంచుతుంది. నైవేద్యం కానివి గనుక కృపారాణి నిరభ్యంతరంగా తినవచ్చు. మొదటి ఏడు కృపారాణి మొహమాటపడి, తీసుకోవాలో మానాలో తెలియక గుమ్మంలో నిలబడినప్పుడు, ఆ పద్ధతి పెట్టినది పాపాయమ్మగారే.

ఆ సాయంత్రం పేరంటాళ్ళు వెళ్ళిపోయినారు. హారతి లోపల నడుము వాల్చినది. పాపాయమ్మగారు గిన్నె పట్టుకుని మేడమెట్ల మొదట్లో కూర్చున్నది.

"ఇదిగో, నీ శనగలు. దేవుడి దగ్గర పెట్టకముందే తీశాను. మీ పాస్టరుగారడిగితే ధైర్యంగా చెప్పు."

"మా పాస్టరుగారు పోయినేడు సగం గిన్నె ఆయనే తినేశారండి పిన్నిగారూ."

"అయితే వచ్చేవారం ఆయనక్కూడా నానబోస్తాను. కట్నం లేకుండా అల్లుడు దొరికినట్టు, ఖర్చు లేకుండా పేరంటాలు దొరికింది!"

కృపారాణి పై మెట్టుమీద కూర్చున్నది. రెండు గింజలు నోట్లో వేసుకున్నది. ఏ మాటతో మొదలుపెట్టాలో పగలంతా ఆలోచించుకున్నది, ఇప్పుడు ఆ మాటలన్నీ మరచిపోయినది.

"పిన్నిగారూ, మా ఆఫీసులో ఒకావిడుందండి."

"ఊఁ."

"నలభై దాటాయండి. వాళ్ళమ్మ రొమ్ములో గడ్డతో పోయింది. నువ్వు కూడా ఏటా పరీక్ష చేయించుకో అని డాక్టర్లు చెప్తున్నారు. గది కిందనే. ఆ గది ముందునుంచే రోజూ వెళ్తుంది. లోపలికి మాత్రం అడుగుపెట్టదు."

పాపాయమ్మగారు చేతిలోని తమలపాకు ఈనె తీస్తున్నదల్లా ఆగినది.

"ఆవిడకేమైనా తగిలిందా?"

"లేదండి. తగులుతుందేమోనని చెయ్యిపెట్టి చూసుకోదు కూడానండి. నీళ్ళోసుకునేటప్పుడు సబ్బు రాసుకోడానికి కూడా భయమే ఆవిడకి."

"పిచ్చిముండ!" అన్నది పాపాయమ్మగారు, ఎంతో మెల్లగా. పైమెట్టువైపు తలెత్తి చాలాసేపు చూసినది. "మొగుడున్నాడా ఆవిడకి?"

"ఉన్నారండి. మంచాయనే."

"ఇరిగేషన్లో చేస్తాడా?"

కృపారాణి ఉలిక్కిపడి, "ఏదో... ఆఫీసులోనేనండి," అన్నది.

"ఏదో ఆఫీసులే," అన్నది పాపాయమ్మగారు. నవ్వలేదు. తమలపాకు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచినది. వీధిలో ఎవరో స్కూటరు ఆపి, హారను మోగించి, వెళ్ళిపోయినారు.

"మండపేటవైపు నా ఎరికలో కూడా ఒకావిడుందే," అన్నది చివరకు.

"ఆఁ."

"ఆవిడకి తగిలింది."

కృపారాణి నోటిదాకా 'కుంకుడుకాయంత' అన్న మాట వచ్చినది. పెదవి పంటికింద నొక్కిపట్టినది. "పెద్దదాండి?" అని మాత్రం అన్నది.

"పెరుగుతోంది. ఇంట్లో కోడలు కడుపుతో ఉంది. తల్లిలేని పిల్ల. అత్తనే అమ్మనుకుంటది. ఇప్పుడు ఇలాంటిదుందని చెవినబడితే బెంగపెట్టుకుంటది, ఆ బెంగ కడుపులో బిడ్డకి తగులుద్ది. దీపావళి వెళ్ళాక పురుడు. అది కానిచ్చి, అప్పుడు చూసుకుందాంలే అనుకుంటోంది ఆవిడ."

"అప్పటిదాకా ఆ గడ్డ ఆగుతుందాండి?"

"దానికేం తెలుసు, కోడలి నెలలు?"

"ఆ కోడలికి పురుడయ్యాక, బిడ్డకి నీళ్ళుపొయ్యడానికి అత్తగారు లేకపోతే? అప్పుడు పెట్టుకునే బెంగ చిన్నదాండి?"

పాపాయమ్మగారు ఆ మాట ఎక్కడో తగిలినట్లు ముఖం పక్కకు తిప్పుకున్నది. కృపారాణి తాను అనవలసినదానికంటె ఒక మాట ఎక్కువ అన్నానేమోనని భయపడినది.

"ఆవిడ కూడా భయపడుతుందాండి పిన్నిగారూ?"

"ఎవరూ, ఆవిడా? గడ్డివాములో పామొస్తే తోకపట్టుకుని గట్టుమీదకి విసిరేసిన మనిషే అది!" అని, గొంతు తగ్గించి, "భయమేనే," అన్నది. "ఒంటరిగా ఎలా వెళ్తది? కొడుకుతో చెప్పుకునే చోటా అది?"

"మా ఆవిడదీ అదే బాధండి. ఒంటరిగా వెళ్ళలేదు."

పాపాయమ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, ఒక్కసారిగా ఇంటి పెద్దరికం తెచ్చుకున్నది.

"సరే అయితే. మీ ఆవిణ్ణీ మా ఆవిణ్ణీ కలిపి పంపిద్దాం. ఒకళ్ళకొకళ్ళు తోడు. మంగళవారం వద్దు. బుధవారం పొద్దున్నే."

"ముందు లోపలికి ఎవరెళ్తారండి?"

"చిన్నది ముందు. మీ ఆవిడే. మా ఆవిడ బయట కూర్చుని, దాని సంచీ పట్టుకుంటది."

"మరి వాళ్ళతో మనం కూడా వెళ్ళాలి కదండీ."

"వెళ్ళకపోతే ఎలాగే? ఇద్దరూ పిరికి సన్నాసులు. దారిలో దిగి పారిపోతారు," అన్నది పాపాయమ్మగారు. అప్పుడు నవ్వినది.

ఆగస్టు ఇరవైఒకటిన, బుధవారం, పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ ధవళేశ్వరంలో ఆటో ఎక్కినారు. హారతితో దేవీచౌకులో చీరలు చూడడానికని చెప్పినది పాపాయమ్మగారు. ముసురు మళ్ళీ పట్టినది. గోదావరి ఎర్రగా, నిండుగా, తొందర లేకుండా పోతున్నది. దారిలో ఆమె పెట్రోలు రేటు గురించి, ఆటోవాడి పెళ్ళి గురించి, బుల్లిరాజు షెడ్డులో ఇంజనాయిలు దొంగతనం గురించి మాట్లాడినది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, "మీ ఆవిడింకా రాలేదేంటే?" అన్నది.

"మీ ఆవిడ కూడా రాలేదండి."

"రారు వాళ్ళు. నేననుకుంటూనే ఉన్నాను. పద, మనమే వెళ్దాం."

కృపారాణి ఆ గది తలుపు దగ్గరకు వచ్చేసరికి అలవాటుగా తల అవతలికి తిప్పుకోబోయినది. పాపాయమ్మగారు ఆమె భుజంమీది సంచీ తీసుకుని, మోచేయి పట్టుకుని, "చిన్నది ముందు," అని గుర్తుచేసినది. లోపల ఎంతసేపు పట్టినదో కృపారాణికి తెలియదు. బయటకు వచ్చేసరికి పాపాయమ్మగారు ఆమె సంచీని ఒడిలో పెట్టుకుని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని కూర్చుని ఉన్నది.

"ఏమన్నారే?"

"ఏమీ లేదన్నారండి. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు."

"అమ్మయ్య!" అన్నది. ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలో తన భయం లేదు. సంచీ తిరిగి ఇచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచినది.

బల్ల దగ్గర ఉన్న అమ్మాయి తలెత్తకుండానే, "పేషంటు పేరండి?" అని అడిగినది.

పాపాయమ్మగారు బల్లమీది కలంవైపు చూసినది. కృపారాణివైపు చూసినది. కృపారాణి చెప్పలేదు, ఆమె తరఫున చెప్పడానికి తనకు హక్కులేదని ఆమె ఎరుగును. ఆ అమ్మాయి తలెత్తి మళ్ళీ అడిగినది.

"పాపాయమ్మ," అన్నది ఆమె. "నా పేరే రాయమ్మా. ఉగాదినుంచి ఉంది. ఎడమపక్క."

ఆమె లోపలికి వెళ్ళినది. తలుపు మూసుకున్నది. కృపారాణి ఆమె చేతిసంచీ ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. అందులో తమలపాకుల మడుపు, బీపీ బిళ్ళలు, హారతికి కొన్న మామిడితాండ్ర ఉన్నవి.

గడ్డలోనుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలెనని చెప్పినారు. తిరిగి వచ్చే ఆటోలో పాపాయమ్మగారు పెట్రోలు సంగతి ఎత్తలేదు. మల్లయ్యపేట దాటినతరువాత, "నీకు ముందే తెలుసా?" అని అడిగినది.

"ఆఫీసు సంగతులు చెప్పకూడదండి పిన్నిగారూ."

"అయితే చెప్పకు," అని, కృపారాణి చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకున్నది. ఇంటివరకు వదలలేదు.

పిమ్మట జరిగినవి ఇవి. పరీక్షలో క్యాన్సరు అని తేలినది; ఇంకా పక్కలకు పాకలేదన్నారు. పాపాయమ్మగారు కొడుకుకూ కోడలికీ తానే చెప్పినది. హారతి ఒక పూట ఏడ్చి, రెండోపూట అత్తగారిని ఇన్నాళ్ళు దాచినందుకు చెడామడా తిట్టి, మూడోపూటనుంచి ఆమె మందుల వేళలు తన ఫోనులో అలారం పెట్టుకున్నది. సెప్టెంబరు మూడవ వారంలో శస్త్రచికిత్స జరిగినది. నవంబరు ఆరవ తేదీన హారతికి ఆడపిల్ల పుట్టినది. అప్పటికి కీమో మందులవల్ల పాపాయమ్మగారి జుట్టు రాలిపోయి ఉన్నది. బిడ్డకు నీళ్ళు పోయడానికి చేతుల్లో బలం చాలక, దగ్గర కూర్చుని, కృపారాణిచేత పోయించినది.

ఆసుపత్రిలో ఆ ఆగస్టు నెలాఖరు సమావేశంలోనే ఒక కొత్త గుర్తు చేర్చినారు. 'ఎవరిదో తేల్చరాదు' అన్న గుర్తు. మాట్లాడిన మనిషి, మరొకరి జబ్బని చెబుతూనే దానిని వివరంగా, దగ్గరగా చెబితే, ఆ గుర్తు పెట్టాలి. అటువంటివాళ్ళను యంత్రం తప్పక మళ్ళీ పిలవవలసినవారిలో చేర్చాలి. కృపారాణి ఏ మనిషి ప్రసక్తీ తేకుండా ఆ ప్రతిపాదన చేసినది. గణేష్‌బాబు వెంటనే, "మా అమ్మమ్మ అంతేనండి, ఆవిడకి ఆకలేస్తే, 'తాతకి ఆకలేస్తున్నట్టుందిరా' అనేదండి. తాత పోయాక కూడానండి!" అన్నాడు. అందరికీ ఇళ్ళల్లో ఎవరో ఒకరు గుర్తుకు వచ్చినారు. పాత రికార్డులన్నీ మళ్ళీ తిరగవేసినారు. నర్సు రాజరత్నం ఫోనులో, "ఆవిణ్ణి తీసుకురండమ్మా, తోడు మీరు కూడా రండి," అనడం అలవాటు చేసుకున్నది. అలా వచ్చినవాళ్ళలో కొందరికి జబ్బు ఉన్నది, ఎక్కువమందికి లేదు. చెప్పిన ఆ వేరొక మనిషి నిజంగానే ఉండి, వెంట వచ్చిన సందర్భాలూ ఉన్నవి.

గణేష్‌బాబు విశాఖపట్నంలో మందుల కంపెనీలో చేరి వెళ్ళిపోయినాడు. డాక్టర్ వినీల ఈ కొత్త గుర్తుమీద ఒక వ్యాసం రాసి పంపినది. అది ఇంకా పరిశీలనలో ఉన్నది. కృపారాణి అదే బల్ల దగ్గర పనిచేస్తున్నది. రెండువేల ఇరవైఅయిదు ఆగస్టులో రెండవసారి పరీక్ష చేయించుకున్నది, ఏమీ లేదన్నారు. శాంతికుమార్ వెంట వచ్చినాడు. పాపాయమ్మగారు మందులు వాడుతున్నది. మూడు నెలలకొకమారు ఆసుపత్రికి వెళ్తున్నది. ఆరోగ్యంగా ఉన్నది.